రోలింగ్ స్టోన్స్ వినడం 'ఫార్టీ లిక్స్'తో మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టవచ్చు. నేను అలాగే మొదలుపెట్టాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మీరు అడిగినవి రెండు. 'ఫార్టీ లిక్స్' లాంటి హిట్ పాటల సంకలనంతో మొదలుపెడితే ఇంత పాత ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ అసలు రుచి తెలుస్తుందా అన్నది ఒకటి. పేరున్న బ్యాండ్లు వయసు మళ్లాక ఇలాంటి సంకలనాలు డబ్బు కోసమే వేస్తాయి కదా అన్నది రెండోది. ముందు నా సంగతి చెప్పి, తర్వాత వాటికి వస్తాను.

2003 ఏప్రిల్ నాటికి నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మాది అనంతపురం జిల్లా. ఇంట్లో ఘంటసాల, కొంచెం పెద్దయ్యాక ఇళయరాజా, అంతే. ఇంగ్లీషు పాటలంటే కాలేజీ హాస్టల్లో పక్క గదిలో మోగేవి, నావి కావు. ఏప్రిల్ 4, శుక్రవారం రాత్రి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ జరిగింది. మూడు రోజుల తర్వాత ముంబై బ్రబోర్న్ స్టేడియంలో ఇంకొకటి. నా రూమ్మేట్ విశాఖపట్నం వాడు, టికెట్ కొనుక్కుని వెళ్లాడు. నేను వెళ్లలేదు. ఇంటికి పంపగా మిగిలే జీతంలో ఆ టికెట్ నాకు చాలా బరువు. పైగా వాళ్లెవరో కూడా నాకు తెలియదు. వాడు బాగా పొద్దుపోయాక వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. మర్నాడు పొద్దున కాఫీ కూడా తాగనివ్వకుండా నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, సైగలు చేస్తూ ఫార్టీ లిక్స్ రెండో సీడీ పెట్టాడు.

మొదటి పాట 'స్టార్ట్ మీ అప్'. గిటార్ రెండుసార్లు మోగిందో లేదో, ఇది ఎక్కడో విన్నానే అనిపించింది. విండోస్ 95 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ప్రచారానికి వాడుకున్నది ఈ పాటే. దాని పుట్టుక నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మొదట జమైకా వాళ్ల రెగ్గే పద్ధతిలో ఎన్నోసార్లు వాయించి, కుదరక పక్కన పడేశారు. 1981లో 'టాటూ యూ' ఆల్బమ్‌కి పాటలు తక్కువైతే, ఇంజినీర్ క్రిస్ కిమ్సీ పాత టేపులు తవ్వి, మధ్యలో ఒక్కసారి రాక్ పద్ధతిలో వాయించిన టేక్‌ని పట్టుకున్నాడు. పారేసిన పాట నలభై ఏళ్ల సంకలనంలో రెండో సీడీకి ముఖద్వారం అయింది.

ఇక ఆ సంకలనం గురించి. 1962 జూలై 12న లండన్ మార్కీ క్లబ్‌లో వాళ్లు రోలింగ్ స్టోన్స్ అన్న పేరుతో మొదటిసారి వాయించారు. నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2002లో, 40 పాటలతో, రెండు సీడీల్లో ఇది వచ్చింది. గిటార్ మీద వాయించే చిన్న స్వరాల ముక్కని లిక్ అంటారు. నాకడం అన్న అర్థం కూడా ఉంది కాబట్టి, బయటికి చాచిన ఎర్ర నాలుక బొమ్మ ఉన్న ఆ బ్యాండ్‌కి పేరు చక్కగా అతికింది. ఆ నాలుక కథ మనవాళ్లకి తెలియాలి. బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ ఒక కాళికాదేవి పటం చూసి, నాలుక చాచిన ఆ ముఖం లాంటిది కావాలని జాన్ పాషే అనే ఆర్ట్ విద్యార్థిని అడిగాడు. అతనికి అప్పట్లో ముట్టింది 50 పౌండ్లు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. డబ్బు కోసమేనా? ఎవరైనా అమ్ముకోవడానికే వేస్తారు. అమెరికాలో, బ్రిటన్‌లో చార్టుల్లో రెండో స్థానానికి వెళ్లింది, ప్రపంచ పర్యటనకి ప్రచారంగానూ పనికొచ్చింది. కానీ అంతకు ముందు ముప్పై ఏళ్లపాటు ఇలాంటిది వెయ్యడం వాళ్ల చేతుల్లోనే లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ సీడీలని చూసే చూపే మారిపోతుంది.

1965లో అలెన్ క్లైన్ అనే అమెరికన్ వాళ్ల వ్యాపార వ్యవహారాలు చూడడం మొదలుపెట్టాడు. 1970లో అతనితో తెగదెంపులు చేసుకున్నాక తేలిందేమిటంటే, అరవైల్లో వాళ్లు రాసి, పాడి, రికార్డు చేసిన పాటలన్నిటి హక్కులూ అతని కంపెనీ ఆబ్కో చేతిలో ఉన్నాయి. 1971 నుంచి వచ్చినవి బ్యాండ్ సొంతం. దాంతో సంకలనాలు కూడా రెండు పాయలుగా చీలిపోయాయి. 1971 చివర్లో ఆబ్కో వేసిన 'హాట్ రాక్స్'లో మొదటి సగం జీవితమే ఉంటుంది. 1993లో వచ్చిన 'జంప్ బ్యాక్'లో రెండో సగమే ఉంటుంది. 'సాటిస్‌ఫ్యాక్షన్', 'స్టార్ట్ మీ అప్' ఒకే పెట్టెలో పక్కపక్కన ఉండాలంటే రెండు పక్షాలూ కూర్చుని సంతకాలు చెయ్యాలి. ఆ సంతకాలు 2002లో పడ్డాయి. అందుకే దీన్ని నేను మామూలు హిట్స్ కట్టగా చూడను. ఆస్తి తగాదాతో విడిపోయిన ఇల్లు ముప్పై ఏళ్లకి ఒకే పందిరి కింద కూర్చోవడం లాంటిది ఇది.

ఆ పంపకాల గోడ ఆనవాలు మాత్రం సీడీల్లో ఇంకా కనిపిస్తుంది. మొదటి సీడీ అంతా క్లైన్ కాలం పాటలు. రెండోది అంతా తర్వాతి కాలం. ఇప్పుడు 'వైల్డ్ హార్సెస్', 'బ్రౌన్ షుగర్' తీసుకోండి. రెండూ 1969 డిసెంబర్ మొదట్లో, అమెరికాలో అలబామాలోని మజిల్ షోల్స్ సౌండ్ అనే స్టూడియోలో, మూడు రోజుల వ్యవధిలో రికార్డయిన పాటలు. 1971లో వచ్చిన 'స్టిక్కీ ఫింగర్స్' ఆల్బమ్‌లో కలిసే ఉంటాయి. ఇక్కడ ఒకటి మొదటి సీడీలో పదిహేనో పాట, ఇంకొకటి రెండో సీడీలో రెండో పాట. రికార్డు చేసిన తేదీ వల్ల వీటి మీద క్లైన్‌కీ బ్యాండ్‌కీ ఇద్దరికీ హక్కు ఉంది. తోబుట్టువుల్ని చెరో ఇంటికి పంచినట్టు పంచారు. ఇది తెలిశాక ఆ రెండింటినీ వెంటవెంటనే పెట్టుకుని విన్నాను. రెండు పాటల్లోనూ ఆ గది, ఆ డ్రమ్స్ ఒకటేనని స్పష్టంగా తెలిసింది. మీరూ అలా విని చూడండి.

మొదటి సీడీ మొత్తం బంగారమే. మొదటి రోజు మూడు పాటల దగ్గర ఆగి వినండి. 'గిమ్మీ షెల్టర్'లో జాగర్‌తో కలిసి పాడే ఆడగొంతు మెర్రీ క్లేటన్‌ది. లాస్ ఏంజెలెస్‌లో అర్ధరాత్రి వేళ ఫోన్ చేసి పిలిస్తే, గర్భవతిగా ఉండి కూడా, జుట్టుకి కర్లర్లతోనే స్టూడియోకి వచ్చి పాడింది. మూడో నిమిషం దగ్గర ఆమె గొంతు పగులుతుంది. వెనక ఎవరో ఆశ్చర్యంతో అరిచిన అరుపు కూడా రికార్డులో ఉండిపోయింది. నాకు ఇప్పటికీ అక్కడ ఒళ్లు జలదరిస్తుంది. 'సాటిస్‌ఫ్యాక్షన్'లో ఆ గరగరలాడే గిటార్ నిజానికి బాకాల కోసం ఉంచిన జాగా. తర్వాత ట్రంపెట్లు పెడదామనుకుని, ఎలా ఉండాలో చూపించడానికి గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఫజ్ పెడల్‌తో వాయించాడు. అదే పాట అయిపోయింది. 'పెయింట్ ఇట్ బ్లాక్'లో బ్యాండ్‌లో ఇంకో గిటారిస్టు బ్రయన్ జోన్స్ సితార్ వాయించాడు. మన చెవికి అది రవిశంకర్ సితార్‌లా వినిపించదు, గిటార్ వాడు పట్టుకున్న సితార్‌లాగే ఉంటుంది. కానీ ఆ పాటకి కావలసిన కసి దాంతోనే వచ్చిందని నా అభిప్రాయం.

ఇంకో మాట, బ్యాండ్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ గురించి. డ్రమ్స్ వాయించేవాళ్లు సాధారణంగా కుడిచేత్తో హై హ్యాట్ తాళాన్ని ఆపకుండా కొడుతూ, ఎడమచేత్తో స్నేర్ అనే చిన్న డ్రమ్ము వేస్తారు. చార్లీ స్నేర్ కొట్టే ఆ క్షణంలో కుడిచేయి పైకెత్తేసేవాడు. అందువల్ల ఆ దెబ్బ ఒంటరిగా, నిండుగా పడుతుంది. 'హాంకీ టాంక్ విమెన్' మొదట్లో నిర్మాత జిమ్మీ మిల్లర్ కొట్టే గంట చప్పుడు తర్వాత డ్రమ్స్ వస్తాయి, అక్కడ చెవి పెట్టండి. 2021 ఆగస్టులో చార్లీ చనిపోయాడన్న వార్త చూసిన రాత్రి నేను ఆ ఒక్క పాటే ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మా ఆవిడ వచ్చి, ఎవరైనా తెలిసినవాళ్లా అని అడిగింది. అవునన్నాను.

రెండో సీడీ అంత సమంగా ఉండదు. 'టంబ్లింగ్ డైస్', 'హ్యాపీ', 'యాంజీ', 'మిస్ యూ' ఎంత గొప్పవో, తొంభైల పాటలు కొన్ని అంత పలచన. 'ఎనీబడీ సీన్ మై బేబీ' బాగుంటుంది. విడుదలకి ముందు కీత్ కూతురు దాని పల్లవి కెనడా గాయని కె.డి. లాంగ్ పాటలా ఉందని పసిగట్టడంతో, లాంగ్ పేరూ ఆమె తోటి రచయిత పేరూ కూడా రచయితల్లో చేర్చారు. 2002లో పారిస్‌లో రికార్డు చేసిన కొత్త పాటలు నాలుగు. 'డోంట్ స్టాప్' పేరుకి తగ్గట్టు పర్యటన కోసం రాసినట్టే ఉంటుంది. మధ్యలో రెండిటిని దాటేసినా నష్టం లేదు. చివరిది, 'లూజింగ్ మై టచ్', అలా కాదు. కీత్ తనే పాడాడు. బాగా నెమ్మదైన పాట, గొంతులో వయసంతా తెలుస్తుంది. నలభై హిట్ల వరుసని ఇంత తగ్గు స్వరంతో ముగించడం నాకు చాలా నచ్చింది.

లోటు కూడా చెప్పాలి. ఒక సీడీలో ఎనభై నిమిషాలకి మించి పట్టదు, ఇరవై పాటలు కూరాలంటే కత్తెర వెయ్యాలి. 'మిస్ యూ' ఆల్బమ్‌లో కంటే ఇక్కడ నిమిషానికి పైగా తక్కువ. 'బీస్ట్ ఆఫ్ బర్డెన్', 'ఎమోషనల్ రెస్క్యూ' కూడా కత్తిరించినవే. 'మిస్ యూ' పూర్తి పాట వినండి, మౌత్ ఆర్గాన్, బేస్ రెండూ తీరిగ్గా తిరుగుతాయి, ఆ తీరికే దాని అందం. ఇక అసలు చోటే దొరకనివి ఉన్నాయి: 'మిడ్‌నైట్ రాంబ్లర్', సోనీ రోలిన్స్ సాక్సఫోన్ వాయించిన 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్', 'మూన్‌లైట్ మైల్'. అన్నిటికంటే పెద్ద లోటు మిక్ టేలర్. 1969 నుంచి 1974 వరకు బ్యాండ్‌లో ఉన్న ఈ గిటారిస్టు ఏం చేశాడో ఈ హిట్లలో సరిగ్గా తెలియదు. ఎందుకంటే అతని గొప్పతనం పాట అయిపోయిందనుకున్న తర్వాత మొదలవుతుంది.

ఇక్కడే నేను నాలుగేళ్లు పోగొట్టుకున్నాను. ఈ రెండు సీడీలూ అరిగిపోయేదాకా విని, స్టోన్స్ అంటే ఇంతే, అంతా వినేశాను అనుకున్నాను. 2007లో ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు ఒక సీడీ కొట్లో 'స్టిక్కీ ఫింగర్స్' కనబడితే కొన్నాను. రాత్రి బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'కాంట్ యూ హియర్ మీ నాకింగ్' విన్నాను. మూడు నిమిషాలకి పాట ఆగినట్టే ఆగి, కాంగా డ్రమ్స్ మీద మెల్లగా మళ్లీ లేచి, ముందు సాక్సఫోన్, తర్వాత టేలర్ గిటార్, ఇంకో నాలుగు నిమిషాలు ఎటు వెళుతుందో తెలియకుండా సాగింది. అది ఏ హిట్స్ సంకలనంలోనూ ఇమడదు. బస్సు హిందూపురం దాటేలోపు నాలుగుసార్లు విన్నాను.

కాబట్టి మీరు ఇలా చెయ్యండి. వారం రోజులు మొదటి సీడీ మాత్రమే వినండి. తర్వాత వారం రెండోది. మీకు బాగా పట్టుకున్న పాట ఏ ఆల్బమ్‌లోదో చూసి, ఆ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినండి. ఏదీ తేల్చుకోలేకపోతే 1968 నుంచి 1972 మధ్య వచ్చిన నాలుగు, అంటే 'బెగ్గర్స్ బ్యాంక్వెట్', 'లెట్ ఇట్ బ్లీడ్', 'స్టిక్కీ ఫింగర్స్', 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్', అదే వరుసలో వినండి. 2012లో యాభై ఏళ్లకి వేసిన 'గర్ర్' అనే సంకలనం కూడా ఉంది, మూడు సీడీల్లో 50 పాటలతో దొరుకుతుంది. పాటలు ఎక్కువే కానీ, మొదటిసారి వినేవాళ్లకి నలభై చాలు.

ఫోన్‌లో వినేటట్టయితే షఫుల్ మాత్రం తీసెయ్యండి. 'స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్' అయిపోయిన వెంటనే 'గిమ్మీ షెల్టర్' గిటార్ దూరం నుంచి వినబడుతుంది. ఆ రెండూ అదే వరుసలో వినాలి.