రైతు సందేహాలు: ఆవ పూత రాలుతోంది, పేనుబంకేనా?

ప్రశ్న: వరి కోశాక ఎకరంలో ఆవాలు వేశాం. పైరుకి 50 రోజులు. పూత తెల్లగా పాలిపోయి రాలిపోతోంది, కాయ నిలవడం లేదు. కొమ్మల చివర పేనుబంక ఉంది. దుకాణదారు ఇచ్చిన మందు ఉదయం తొమ్మిదింటికి మూడుసార్లు కొట్టినా తగ్గలేదు. మూడేళ్లుగా డీఏపీ, యూరియా తప్ప మరేమీ వేయలేదు. ఫొటో పంపుతున్నాం, అందులో ఎర్ర గీత చుట్టిన ఈ పురుగుకి ఏ మందు? వచ్చే ఏడాది కెనోలా వేస్తే దిగుబడి పెరుగుతుందా?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీ పూత రాలడానికి, రసం పీల్చే ఆ చిన్న పురుగులు, అంటే పేనుబంక కారణం కాదు. ఫొటోలో లేత ఆకులు దోసిలిలా లోపలికి ముడుచుకున్నాయి, అడుగున ఊదా రంగు తిరిగింది, పూలలో పసుపు పోయింది. ఇది గంధకం లోపం. మూడేళ్లుగా డీఏపీ, యూరియా తప్ప మరేమీ వేయలేదని మీరే రాశారు. ఆ రెంటిలోనూ గంధకం లేదు. ఆవకేమో వరి కంటే అది ఎక్కువ కావాలి.

ఇప్పుడు ఎకరాకు 25 కిలోల అమ్మోనియం సల్ఫేట్ సాళ్ల మధ్య వేసి వెంటనే పలచగా తడి ఇవ్వండి. ఇక యూరియా వద్దు. రాలిన పూత తిరిగి రాదు, పక్క కొమ్మల పూత మాత్రం నిలుస్తుంది. వచ్చే పంటకు ఆఖరి దుక్కిలో గంధకం ఉండే జిప్సం 100 కిలోలు వేయండి. డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు వేస్తే అందులోనే సుమారు 11 కిలోల గంధకం వస్తుంది, అప్పుడు జిప్సం సగం చాలు.

ఫొటోలో మీరు ఎర్ర గీత చుట్టి ‘ఈ పురుగుకి ఏ మందు’ అని అడిగింది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకని తినేదే అది! దాన్నీ చంపేశారు. పైగా ఉదయం తొమ్మిదింటికి, పూల మీద తేనెటీగలు ముసిరే వేళ కొట్టారు. కాయ నిలవకపోవడానికి అదీ కొంత కారణం. పొలం గట్టు ఎక్కని దుకాణదారు సీసా చేతిలో పెడితే మూడుసార్లు పిచికారీ చేయడమేమిటి? ఆ మందు డబ్బుకి జిప్సం వచ్చేది.

బంక పట్టిన కొమ్మల చివర్లు తుంచి పాతిపెట్టండి. నడిమి కొమ్మ చివరి 10 సెం.మీ. మేర 50 పురుగులు దాటితేనే మందు: థయామిథాక్సామ్ 25 డబ్ల్యూజీ, ఎకరాకు 40 గ్రాములు 200 లీటర్ల నీటిలో, తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం, ఒక్కసారే. వచ్చేసారి అక్టోబరులోనే విత్తగలిగితే బంక ముదిరే రోజులకి కాయ గట్టిపడుతుంది.

కెనోలా అంటే వేరే పంటేమీ కాదు. ఆవ జాతి మొక్కల్లోనే నూనెలో ఎరూసిక్ ఆమ్లం 2 శాతం లోపు, పిండిలో ఘాటు పదార్థాలు బాగా తక్కువ ఉండేలా తయారుచేసిన రకాలు. మన దేశంలో ఉన్నవి ఉత్తరాది చలికి పెంచినవి. మన చలి నాలుగు వారాల ముచ్చట. అదీగాక ఘాటు లేని ఆవాలు ఆవకాయకి ఎవరు కొంటారు?

ముందు మట్టి పరీక్ష చేయించండి. కోత అయ్యాక, దుక్కికి ముందు, ఎకరంలో పదిచోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, పక్క గోడ నుంచి మట్టి గీకి, కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. నత్రజని, భాస్వరం, పొటాష్‌తో సరిపెట్టకుండా గంధకం, బోరాన్ కూడా చూడమని అడగండి. గంధకం 10 పీపీఎం (కిలో మట్టికి 10 మిల్లీగ్రాములు) లోపు వస్తే నేను చెప్పిన జిప్సం తప్పదు. గట్టు పక్కన, పెంట కుప్ప వేసిన చోట మాత్రం మట్టి తీయకండి.