టెక్ సందేహాలు: ఆ స్ప్రింగు బిగించింది ఎవరు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. ట్రిగ్గర్! ఎన్నికలూ లేవు, సంక్రాంతి కోడిపందేలూ లేవు, గోదావరి జిల్లాల వాళ్లకి హఠాత్తుగా తుపాకుల మీద ఇంత మోజు ఎందుకు పుట్టిందో తెలియదు. డాబా మీదకి వైఫై అందడం లేదని రాసినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

భీమవరం నుంచి ఇంజినీరింగ్ విద్యార్థులు: "సార్, మేం నలుగురం కలిసి గేములు తయారు చేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ఒక షూటింగ్ గేమ్ చేస్తున్నాం. కథంతా చేపల చెరువుల గట్ల మీదే. అందులో మూడు చేతి తుపాకులు పెట్టాం. బొమ్మలు బాగా వచ్చాయి గానీ ఆడుతుంటే మూడూ ఒకేలా పేలుతున్నాయండి. సింగిల్ యాక్షన్, డబుల్ యాక్షన్, స్ట్రైకర్ అంటూ ఎన్ని వీడియోలు చూసినా బుర్రకెక్కడం లేదు. కోడ్‌లో ఆ తేడా ఎక్కడ చూపించాలి?"

ముందు ల్యాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్లండి. పొయ్యి పక్కన టక్కుమనే గ్యాస్ లైటర్ ఉంటుంది కదా, దాన్ని తీసుకుని మెల్లగా, వీలైనంత మెల్లగా నొక్కండి. మొదట ఏమీ జరగదు, బొటనవేలికి బరువు మాత్రం తెలుస్తుంది. ఇంకాస్త నొక్కితే ఆ బరువు పెరుగుతుంది. ఒక చోట ఉన్నట్టుండి 'టక్'. వేలి కింద బరువు మాయం. మీరు నొక్కినంతసేపూ లోపల ఒక స్ప్రింగు ముడుచుకుంటూ వచ్చింది. చివర్లో దాని పట్టు జారింది. చిన్న ఇనుప ముక్క వెళ్లి స్ఫటికాన్ని కొట్టింది, నిప్పురవ్వ వచ్చింది. స్ప్రింగును బిగించిందీ మీ వేలే, వదిలిందీ మీ వేలే. ఒక్క నొక్కులో రెండు పనులు. డబుల్ యాక్షన్ అంటే ఇదే. (నేను చిన్నప్పుడు ఇది చూడాలని ఒక లైటర్‌ని పేపర్ మీద పెట్టి విప్పేశాను. స్ప్రింగు ఎగిరి ఆవకాయ జాడీ వెనక్కి పోయింది. ఆ వారమంతా మా ఇంట్లో అగ్గిపెట్టే గతి.)

ఇప్పుడు ఎలుకల బోను గుర్తు తెచ్చుకోండి. ధాన్యం బస్తాల పక్కన పెట్టే చెక్క పలక, దాని మీద స్ప్రింగు కడ్డీ ఉండే రకం. కడ్డీని వెనక్కి వంచి, వేళ్లు నలగకుండా కొక్కెం తగిలించేది మీరు. ఎలుక చేసేదల్లా ఎండుచేప ముక్కని కాస్త కదపడం. ఆ కడ్డీని వంచే బలం దానికి లేదు, అవసరమూ లేదు. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్‌ది ఆ ఎలుక పాత్ర. బిగించే పని ముందే ఇంకెవరో చేసి పెట్టారు, ట్రిగ్గర్ వదులుతుంది, అంతే.

కాబట్టి ఏ చేతి తుపాకీ చూసినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఆ స్ప్రింగు బిగించింది ఎవరు? ధవళేశ్వరం దగ్గర గేటు ఎత్తే మనిషి గోదావరిని తోయడు, నీటి బలం ముందే అక్కడ ఆగి ఉంటుంది. గుండు వెనకున్న మందును అంటించే దెబ్బ కూడా స్ప్రింగులో ఆగి ఉన్న బలమే. ఆ దెబ్బ కొట్టే సుత్తి లాంటి ముక్క హ్యామర్. దానికి ఒక గాటు, ఆ గాట్లో ఇరుక్కున్న సియర్ అనే పన్ను. ట్రిగ్గర్ నొక్కితే పన్ను పక్కకి జరుగుతుంది.

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌లో బిగించేది బొటనవేలు. హ్యామర్‌ని వెనక్కి లాగితే ఆ కదలికతోనే గుండ్లుండే సిలిండర్ కూడా ఒక గది తిరుగుతుంది. లాగకుండా ట్రిగ్గర్‌ని ఎంత నొక్కినా టిక్కుమని కూడా అనదు. మీ గేమ్‌లో ఆటగాడు ఆ పని మర్చిపోతే నిజంగానే ఏమీ జరగనివ్వకండి. విలన్ మీదకొస్తుంటే మౌస్ నొక్కుతూ కంగారు పడటంలోనే మజా ఉంది. జాన్ బ్రౌనింగ్ తయారు చేసిన 1911 పిస్టల్ కూడా సింగిల్ యాక్షనే, కాకపోతే అక్కడ బిగించేది స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం. మొదటిసారి చేత్తో లాగాలి. ఆ తర్వాత పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే స్లైడే హ్యామర్‌ని బిగించి పోతుంది.

డబుల్ యాక్షన్ వైపు వస్తే, 1851లో లండన్‌లో రాబర్ట్ ఆడమ్స్ తెచ్చిన రివాల్వర్‌లో బొటనవేలికి పనే లేదు, అన్నీ ట్రిగ్గరే చేయాలి. వేగం వచ్చింది గానీ ట్రిగ్గర్ బరువెక్కింది, గురి కదిలిపోయేది. 1856లో బోమాంట్ అనే బ్రిటిష్ సైనికాధికారి దాన్ని రెండు విధాలా పనిచేసేలా మార్చాడు. తొందరుంటే ట్రిగ్గర్ నొక్కేయడం, తీరిక ఉంటే హ్యామర్ లాగి తేలిగ్గా పేల్చడం. మన కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్ కూడా ఈ బాపతే.

చాలామంది తికమక పడేది 1929లో వచ్చిన వాల్తర్ పీపీ లాంటి పిస్టళ్ల దగ్గర. మొదటి గుండుకి వేలే బిగించాలి, పొడవైన బరువైన నొక్కు. అది పేలగానే స్లైడ్ హ్యామర్‌ని బిగించేస్తుంది, కాబట్టి రెండో గుండు నుంచి చిన్న తేలిక నొక్కు. ఒకే తుపాకీలో రెండు రకాల ట్రిగ్గర్లు అన్నమాట. ఈ రకం పెద్ద పిస్టళ్లలో మొదటి నొక్కు సుమారు 5 కిలోలుంటే తర్వాతివి దాదాపు అందులో సగం. మీ గేమ్‌లో మొదటి గుండు కాస్త ఆలస్యంగా, గురి కొంచెం ఊగేలా పెట్టి, తర్వాతివి చకచకా పోనివ్వండి. నా మట్టుకు అన్నిట్లో ఆటకి బాగా పనికొచ్చేది ఇదే.

ఇక స్ట్రైకర్. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17తో ఇది ఊరూరా తెలిసింది గానీ, ఆలోచన అంతకంటే చాలా పాతది. బయట హ్యామర్ ఉండదు. లోపల సూది లాంటి స్ట్రైకర్, దాని వెనక స్ప్రింగు. గ్లాక్‌లో స్లైడ్ ఆ స్ప్రింగుని కొంతవరకే బిగించి ఆపుతుంది, మిగతాది వేలు పూర్తి చేసి వదులుతుంది. ఉండేలు రబ్బరుని కొంచెం లాగి పట్టుకుని మీ చేతికిచ్చినట్టు. అందుకే మొదటి గుండుకీ పదో గుండుకీ నొక్కులో తేడా ఉండదు, దాదాపు రెండున్నర కిలోలు. స్ట్రైకర్ అనగానే అన్నీ సగం బిగింపువే అనుకోకండి. సిగ్ పీ320లో స్లైడే మొత్తం బిగించేస్తుంది.

కోడ్‌లోకి వస్తే, ఒక్కో తుపాకీకి 'బిగింపు' అని ఒక విలువ పెట్టండి: సున్నా, సగం, పూర్తి. దాన్ని ఎవరు మారుస్తారో రాయండి, వేలా, బొటనవేలా, స్లైడా. మీ మూడు తుపాకులూ ఎందుకు ఒకేలా ఉన్నాయంటే, మీరు బహుశా మౌస్ నొక్కుకీ గుండుకీ మధ్య ఇంకేమీ పెట్టలేదు.

ఇంకో చిన్న విషయం. యూనిటీలో గెట్‌మౌస్‌బటన్ అనే కమాండ్ వాడితే వేలు పెట్టి ఉంచినంతసేపూ పేలుతూనే ఉంటుంది. గెట్‌మౌస్‌బటన్‌డౌన్ వాడాలి. నిజం పిస్టల్‌లో ఈ పనిని డిస్‌కనెక్టర్ అనే చిన్న ముక్క చేస్తుంది. స్లైడ్ వెనక్కి పోగానే అది ట్రిగ్గర్‌కీ సియర్‌కీ మధ్య లంకె తెంపేస్తుంది. వేలు కాస్త వదిలితేనే మళ్లీ కలుస్తుంది. గ్యాస్ లైటర్‌ని నొక్కి పట్టుకుంటే రెండో రవ్వ రాదు కదా, అలా.

అమలాపురం నుంచి ఒక ఎడిటర్: "మా షార్ట్ ఫిల్మ్ క్లైమాక్స్‌లో హీరో కాలవ గట్టు మీద విలన్‌కి పిస్టల్ గురిపెడతాడు. టెన్షన్ కోసం 'టక్' అని హ్యామర్ శబ్దం వేశాం. గుండ్లు అయిపోయాక 'క్లిక్ క్లిక్ క్లిక్' కూడా పెట్టాం. ప్రివ్యూ చూసిన మాజీ సైనికుడు ఒకాయన పగలబడి నవ్వారు. పిస్టల్ బొమ్మ గ్లాక్‌లా ఉంటుంది. ఏం తప్పు చేశామండి?"

రెండూ తప్పే, ఆయన నవ్వడంలో తప్పు లేదు. గ్లాక్‌కి బయట హ్యామరే లేదు, ఏది లాగితే టక్కుమంటుంది? ఇక చివరి గుండు పేలాక స్లైడ్ వెనక్కి పోయి అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ట్రిగ్గర్‌లో జీవం ఉండదు. ఒకవేళ స్లైడ్ ముందుకొచ్చినా ఒక్క క్లిక్కే. మళ్లీ స్లైడ్ లాగేదాకా స్ప్రింగుని బిగించేవాళ్లు లేరు.

మళ్లీ షూట్ చేసే ఓపిక ఉంటే హీరో చేతిలో డబుల్ యాక్షన్ రివాల్వర్ బొమ్మ పెట్టండి. అప్పుడు మీ రెండు శబ్దాలూ న్యాయంగా నిలబడతాయి. పైగా ఖాళీగా క్లిక్కుమన్న ప్రతిసారీ సిలిండర్ తిరగడం క్లోజప్‌లో చూపించొచ్చు. ఓపిక లేకపోతే టైమ్‌లైన్‌లో ఆ క్లిక్కులన్నీ తీసేసి, స్లైడ్ వెనక్కి వెళ్లి ఆగిన శబ్దం ఒక్కటి పెట్టి, రెండు సెకన్లు కప్పల అరుపులు వదలండి. మీరు గట్టు మీదే తీశారు కాబట్టి అవి ఎలాగూ రికార్డయ్యే ఉంటాయి. రివాల్వర్ శబ్దం దొరక్కపోతే గ్యాస్ లైటర్‌ని ఫోన్‌లో రికార్డు చేసి పిచ్ తగ్గించండి. జోక్ చేయడం లేదు, బాగానే వస్తుంది.

రాజమహేంద్రవరం నుంచి ఒక తండ్రి: "మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది. ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిది కదండీ?"

పోటీల్లో ఆ తేలికకి హద్దుంది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి, 25 మీటర్ల పిస్టల్‌కి 1,000 గ్రాములు. పోటీలో బ్యారెల్‌ని నిటారుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి ఆ బరువు తగిలించి ఎత్తుతారు. అర కిలో పంచదార పొట్లాన్ని చూపుడు వేలికి తగిలించుకున్నట్టు. ఎలక్ట్రానిక్ అయినా ఈ లెక్క తప్పదు. కాబట్టి దానివల్ల ఒరిగేది తేలిక కాదు, ప్రతిసారీ ఒకే చోట ఒకేలా వదలడం. ట్రిగ్గర్ అక్కడ ఒక స్విచ్ మాత్రమే, గాలి వాల్వుని తెరిపించే పని కరెంటుది.

దాంతోపాటు బ్యాటరీ, కాంటాక్టులు, సర్క్యూటు అన్నీ మెడకి తగులుకుంటాయి. మన దగ్గర జూలై గాలిలో కాంటాక్టులు పచ్చబడటానికి ఎంతో కాలం పట్టదు. సెకండ్ హ్యాండ్ అంటే ఇంకా భయం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. ఆమె 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చుకుందనుకోండి, కానీ ఆ స్థాయిలోనే యంత్రం అంత పని చేసింది. నేర్చుకునే అమ్మాయికి మామూలు మెకానికల్ ట్రిగ్గర్ చాలు. గాలి వదలకుండా ట్రిగ్గర్ సాధన చేసుకునే డ్రై ఫైర్ సదుపాయం ఉందో లేదో మాత్రం కొనే ముందు కోచ్‌ని అడిగి చూసుకోండి.

నర్సాపురం నుంచి: "పీఎస్5 కంట్రోలర్‌లో ఆర్2 బటన్ కొన్ని గేముల్లో మధ్యలో గట్టిగా అడ్డుపడుతోంది. పాడైపోయిందా?"

పాడవలేదు. ఆర్2 కూడా చూపుడు వేలితో నొక్కే ట్రిగ్గరే, దాని వెనక చిన్న మోటారు, గేర్లు, ఒక మీట ఉన్నాయి. గేమ్ చెప్పినప్పుడు ఆ మీట వచ్చి మీ వేలికి ఎదురు తోస్తుంది. అక్కడ బిగించేది కోడే. సెట్టింగ్స్‌లో యాక్సెసరీస్, కంట్రోలర్ దగ్గరికి వెళ్లి ట్రిగ్గర్ ఎఫెక్ట్‌ని ఆఫ్ చేసి చూడండి. అప్పుడూ అడ్డుపడితే లోపల ఏదో ఇరుక్కుందని అర్థం, రిపేరు షాపుకి తీసుకెళ్లండి. ఆఫ్ చేస్తే బ్యాటరీ కూడా కొంచెం ఎక్కువసేపు వస్తుంది.

భీమవరం కుర్రాళ్లూ, ఎవరి దగ్గరైనా ఈ కంట్రోలర్ ఉంటే ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి. పిస్టల్ ఉన్న గేమ్ ఏదైనా పెట్టి, ఆర్2ని లైటర్‌లాగే మెల్లగా నొక్కి చూడండి. ఎక్కడ బరువెక్కుతోందో, ఎక్కడ జారుతోందో ఒక కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత మీ కోడ్ ముందు కూర్చోండి.