ప్లగ్ టెస్టర్ లైట్లు సరిగ్గా వెలిగితే ఎర్తింగ్ బాగున్నట్టేనా?

కాదు, ఎర్త్ పిన్ నుంచి కరెంటు పోవడానికి ఏదో ఒక దారి ఉందని మాత్రమే సాకెట్‌లో గుచ్చి చూసే ఈ టెస్టర్ చెబుతుంది. దాని బుల్లి లైట్లు వెలగడానికి మిల్లీఆంపియర్లలో కరెంటు చాలు. కానీ ఫేజ్ వైరు గీజర్ లాంటి పరికరం బాడీకి తగిలినప్పుడు ఎంసీబీ (కరెంటు మితిమీరితే సరఫరా ఆపేసే స్విచ్) పడాలంటే పదుల ఆంపియర్లు పారాలి. వేసవికి ఎండిపోయిన ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత) అంత కరెంటును మోయలేదు.

చిక్కడపల్లిలో ఓ పాత పోర్షన్ అనుకుందాం. ఎర్త్ వైరే లేదని, సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కు చిన్న వైరు ముక్క కలిపేశారు (ఇది ఒట్టి దొంగపని). టెస్టర్ దీన్నీ కరెక్టనే చూపిస్తుంది. ఆ సాకెట్‌కు వచ్చే న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, 230 వోల్టులు గీజర్ బాడీ మీదికే వస్తాయి.

లైట్లు వెలిగాయి కాబట్టి షాక్ కొట్టదని చాలామంది ధీమాగా ఉంటారు. టెస్టర్ పట్టుకునేది తారుమారైన ఫేజ్-న్యూట్రల్, ఊడిన వైరు లాంటివే. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ మీటరుతో కొలవాల్సిందే, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకోవాల్సిందే.