గౌను ధర చెప్పబోతే నోరు పెగలడం లేదు

ప్రశ్న: మాది కావలి. నాకు 31 ఏళ్లు. బజారులో కొన్న గౌన్ల లోపలి నెట్ గుచ్చుకుని మా పాపకు దద్దుర్లు వస్తుంటే, మెత్తటి కాటన్‌తో నేనే కుట్టడం మొదలుపెట్టాను. చూసినవాళ్లు మా పిల్లలకూ కుట్టమన్నారు. ఇప్పుడు కింది పోర్షన్‌లో ఉండే అక్కా నేనూ కలిసి గౌన్లు, లంగా జాకెట్లు, పసిపిల్లల జబ్లాలు కుట్టి అమ్ముతున్నాం. నెలకు ఇరవై ముప్ఫై ఆర్డర్లు వస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదు. మా ఆయనకు అక్క, అంటే మా ఆడపడుచు, తన ఇద్దరు పిల్లలకు కుట్టించుకుని గుడ్డ డబ్బులు కూడా ఇవ్వదు. అడగబోతే అత్తయ్య 'ఏందిమే, ఇంటి ఆడబిడ్డ కాడ కూడా లెక్కలా?' అంటుంది. అర్ధరాత్రి దాకా మిషన్ చప్పుడేంటని మా ఆయన విసుక్కుంటారు, మానేయమంటారు. మొన్న పాప 'అమ్మా, నాకెప్పుడు కుడతావ్?' అని అడిగితే ఏడుపొచ్చేసింది. మానేయాలా?

జవాబు: మానేయొద్దమ్మా. ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం చేయొద్దు.

ఉత్తరంతో పాటు మీరు ఒక గౌను లెక్క పంపారు. ఐదేళ్ల పాప అంబ్రెల్లా గౌనుకు గుడ్డ 260 రూపాయలు, లైనింగ్ 60, జిప్పు, దారం, లేసు కలిపి 50. మొత్తం 370. మీరు తీసుకుంటున్నది 450. ఆ 80 రూపాయలూ లాభం అనుకుంటున్నారు. కత్తిరింపు నుంచి హెమ్మింగ్, ఇస్త్రీ దాకా ఐదు గంటలు పడుతుందని మీరే రాశారు. అంటే గంటకు 16 రూపాయలు! కరెంటు, విరిగిన సూదులు ఇందులో లేవు. గంటకు 16 ఇస్తాం, మా ఇంటికి పనికి రమ్మని ఎవరైనా పిలిస్తే మీ అత్తయ్యగారే వాళ్లను గడప తొక్కనివ్వరు.

కన్నబిడ్డకు కుట్టేటప్పుడు ఎవరూ గంటలు లెక్కపెట్టరు. ఊళ్లోవాళ్ల పిల్లలకు కూడా మీరు అలాగే కుడుతున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక నోటుబుక్కు మిషన్ పక్కన పెట్టుకోండి. ప్రతి గౌనుకూ కూర్చున్న టైము, లేచిన టైము రాయండి. గంటకు కనీసం 50 వేసుకున్నా ఆ గౌను 620 అవుతుంది. అంత పెట్టి ఎవరు కొంటారంటారా? చవకగా కావాల్సినవాళ్లు రెడీమేడ్ షాపుకి వెళ్తారు, వెళ్లనివ్వండి. గుడ్డ ముందే నానబెట్టి ఆరేసి కుట్టారు కాబట్టి ఉతికాక పొట్టి కాదు. జిప్పు ఒంటికి తగలకుండా లైనింగ్ కప్పుతుంది. అంచు లోపల రెండంగుళాల మడత వదిలారు కాబట్టి వచ్చే ఏడాదీ వేసుకోవచ్చు. గౌను తిరగేసి ఇవన్నీ చూపించి, ఆ తర్వాత ధర చెప్పండి. ఒకే సైజువి నాలుగైదు ఒకేసారి కత్తిరిస్తే గంటలూ తగ్గుతాయి. ఆర్డరు తీసుకునేటప్పుడే సగం డబ్బు తీసుకోండి.

ఇక ఆడపడుచు సంగతి. ఈ మాట మీ నోటి నుంచి రాకూడదు. ఆమె మీ ఆయనకు అక్క, చెప్పాల్సింది ఆయన. పుట్టినరోజుకు అత్తగా మీరు పెట్టే గౌను పిల్లకొకటి, ఏడాదికి ఒక్కటి. మిగతావాటికి గుడ్డ వాళ్లే తెచ్చివ్వాలి, కూలి సగం ఇవ్వాలి. ఒకసారి నిష్ఠూరం తప్పదు. ఏడాది పొడుగునా లోపల కుమిలిపోయే కంటే అదే నయం.

అత్తయ్యగారిని నేను అంత తప్పుపట్టను. ఆవిడకు 60 దాటాయని రాశారు. 1990లలో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, దాని వెనకే రోజుకో రూపాయి దాచుకున్న పొదుపు గ్రూపులు మీ నెల్లూరు జిల్లావే. ఆ తరం ఆడవాళ్లకు డబ్బు విలువ తెలియదంటే నేను నమ్మను. ఇంట్లో కుట్టే కుట్టు కూడా పని కిందకే వస్తుందని ఆవిడకు ఇంకా తోచలేదు, అంతే. కూర్చుని చేసే పని ఏదైనా అప్పగించి చూడండి. హుక్కులు కుట్టడం, దారాలు కత్తిరించడం, చేత్తో హెమ్మింగ్. గౌనుకు 30 రూపాయలు, వారం వారం ఆవిడ చేతిలోనే పెట్టండి. తర్వాత బేరమాడేవాళ్లకు జవాబు ఆవిడే చెప్పొచ్చు!

మీ ఆయన విసుగులో న్యాయం ఉంది. పక్క గదిలో అర్ధరాత్రి మిషన్ ఆడుతుంటే ఎవరికైనా నిద్ర పట్టదు. పాప బడికి వెళ్లాక రెండు దాకా మిషన్ పని పెట్టుకోండి, రాత్రి తొమ్మిదికి గుడ్డ కప్పేయండి. ఆ గంటల్లో ఎన్ని కుట్టగలరో అన్నే ఆర్డర్లు. దసరాకీ సంక్రాంతికీ ఎగబడతారు, అప్పుడే గట్టిగా ఉండాలి. మానేయమంటున్నది చప్పుడుకా, డబ్బు కనిపించనందుకా అని ఆయన్ని నింపాదిగా అడగండి. రెండోదే అయితే ఆ నోటుబుక్కు ముందు పెట్టండి.

కింది పోర్షన్ అక్కతో స్నేహం బాగున్నప్పుడే మిషన్ ఎవరిది, గుడ్డకు ఎవరెంత పెట్టారు, పదిహేను రోజులకోసారి ఎలా పంచుకోవాలి అన్నది కాగితం మీద రాసుకోండి. వచ్చే డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ప్రభుత్వ ముద్ర పథకంలో, శిశు అనే విభాగం కింద 50,000 దాకా లోను ఇస్తారు గానీ, గంటకు 16 మిగిలే పనికి అప్పు తేవడం ఇప్పుడు వద్దు. మూడు నెలల లెక్క చూసుకున్నాక ఆలోచించవచ్చు.

వచ్చే ఆదివారం ఆర్డర్లు పక్కన పెట్టి మీ పాపకు గౌను కత్తిరించండి. గుడ్డ తననే ఎంచుకోనివ్వండి. పాత కొలతలు చూసి కత్తిరించేరు, పిల్ల ఎదిగుంటుంది, మళ్లీ టేపు పెట్టి తీసుకోండి.