21 రోజుల్లో అలవాటు కుదురుతుందా?

ప్రశ్న: 21 రోజులు నడిస్తే అలవాటవుతుందన్నారు. నాకు 22వ రోజే మానాలనిపించింది. లోపం నాదేనా?

కాదు, ఆ లెక్కదే. రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాశాడు. 'కనీసం' అన్న మాట దారిలో జారిపోయింది, ముఖం కాస్తా నడకైంది! యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా. నీళ్లు తాగడం త్వరగా కుదిరింది, వ్యాయామానికి ఎక్కువ కాలం కావలసివచ్చింది. ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనిపించలేదు.

అసలు పట్టు రోజుల లెక్కలో లేదు, ఏ పని వెనుక దీన్ని తగిలించారన్న దానిలో ఉంది. తిరుపతిలో నేను 'రేపు అయిదుకు లేస్తాను' అనుకున్నన్నాళ్లూ లేవలేదు. పాల ప్యాకెట్ కోసం ఎలాగూ బయటికి వెళ్తాను కనుక, ఆ దారినే కపిలతీర్థం దాకా పొడిగించాను. ఇప్పుడు సంచి చేతికి తీసుకుంటే కాళ్లు అటే తిరుగుతాయి. మొదటి వారమే అలిపిరి నుంచి 3,550 మెట్లూ రోజూ ఎక్కుతానని మాత్రం పంతం పట్టకండి. అది మొక్కు, అలవాటు కాదు. ముందు వీధి చివరిదాకా వెళ్లి రండి, ఎండాకాలమైతే ఏడు లోపే.