బొమ్మ బాగుందంటారు, డబ్బులు మాత్రం ఇవ్వరు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎరువుల కొట్టు ఉంది. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. ఎక్కడా నేర్చుకోకుండానే చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తోంది. పెన్సిల్‌తో ముఖాలు, వాటర్ కలర్స్‌తో కాలువలు, కొబ్బరితోటలు బాగా వేస్తుందని అందరూ అంటారు. చుట్టాలు ఫొటోలు పంపి వేయించుకుంటారు గాని ఒక్కరూ రూపాయి ఇవ్వరు. వీటిని అమ్ముకునే దారి ఉందా? ఆన్‌లైన్‌లో పెడితే కొంటారా? చదువు పాడవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ కొట్టుకి వచ్చిన చుట్టానికి కుర్చీ వేసి టీ తెప్పిస్తారు, యూరియా బస్తా మాత్రం ఊరికే ఇవ్వరు కదండీ. మీ అమ్మాయి బొమ్మకి ధర ఇంత అని ఇప్పటిదాకా ఎవరూ చెప్పినట్టు లేరు. చెబితే ఇచ్చేవాళ్ళు ఇస్తారు. వినగానే మాయమైపోయేవాళ్ళని పోనివ్వండి, పిల్లకి టైం మిగులుతుంది. ఆన్‌లైన్ షాపు సంగతి తర్వాత చూద్దాం, ముందు రేటు తేల్చుకోండి.

ఏ4 సైజులో ఒక ముఖానికి ఆరు గంటలు పడుతుందనుకుందాం. గంటకు 100 చొప్పున 600, కాగితానికీ పెన్సిళ్ళకీ ఓ 50, దిద్దుబాట్లకు పోయే టైముకు ఇంకో 150. మొత్తం 800 రూపాయలు. రెండో ముఖం ఉంటే మరో 500, ఫ్రేము కావాలంటే ఆ బిల్లు వేరే. ఈ నాలుగు ముక్కలూ తను వేసిన మంచి బొమ్మ పక్కన రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టమనండి. ఎదురుగా డబ్బు మాట ఎత్తలేని పిల్ల కూడా స్టేటస్ పెట్టగలదు. సగం అడ్వాన్సు ఫోన్‌పేలో పడ్డాకే పెన్సిల్ పట్టుకోవాలి. గీతలు పూర్తయ్యాక ఒకసారి ఫొటో పంపి మార్పులేమైనా ఉన్నాయేమో అడగాలి. షేడింగ్ అంతా అయ్యాక ముక్కు కాస్త సన్నగా చెయ్యమంటే కుదరదని ముందే చెప్పేయాలి. రెండు వారాలకు సరిపడా ఆర్డర్లు పేరుకున్నాయంటే రేటు పెంచొచ్చు. మేనత్త కూతురి పెళ్ళికి ఊరికే వేసివ్వాలని తనకే అనిపిస్తే ఇవ్వనివ్వండి, దానికి లెక్కలెందుకు.

అయితే ముఖాలు వేసేవాళ్ళు ఊరూరా ఉన్నారు. పైగా ఫొటోని క్షణంలో పెన్సిల్ బొమ్మగా మార్చే యాప్‌లు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. నేనైతే ఇళ్ళ మీద పందెం కాస్తాను. మన డెల్టాలో మండువా లోగిళ్ళు పడగొట్టి డాబాలు కట్టేస్తున్నారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగి హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడినవాళ్ళకి మిగిలింది ఏ పెళ్ళి ఆల్బంలోనో పెళ్ళికొడుకు వెనకాల సగం కనిపించే గుమ్మం. ఆ ఫొటోకి ఇంట్లో పెద్దావిడ చెప్పే మాటలు కలిపి ఇల్లంతా కాగితం మీద నిలబెట్టాలంటే మనిషే కావాలి. వీధి అరుగు మీద స్తంభాలెన్ని, చూరు ఎంత కిందికి దిగేది, మండువాలో పడ్డ వాన నీళ్ళు ఎటు పోయేవి, బావి గిలక ఏ పక్క, గడ్డిమేటు పెరట్లోనా పక్క దొడ్లోనా అని వరసగా అడగాలి. చిత్తు గీసి చూపిస్తే "కాదమ్మా, నందివర్ధనం చెట్టు ఇటుండేది" అని వాళ్ళే దిద్దుతారు. ముఖానికి 800 ఇవ్వడానికి ఆలోచించే మనిషి, తాతగారి ఇంటికి మూడు నాలుగు వేలు బేరం లేకుండా ఇవ్వొచ్చు. అలాంటివాళ్ళు ఊళ్ళోకి దిగేది సంక్రాంతికి. భోగి నాటికి మీ ఊరి పాత ఇళ్ళు రెండు నమూనాగా వేసి ఫ్రేము కట్టించి కొట్లో మీ వెనకాల గోడకి తగిలించండి. ఎరువుల కొట్లో బొమ్మేంటని నవ్వితే నవ్వనీయండి, అడిగేవాళ్ళు అడుగుతారు.

ఇక మన వైపు చెమ్మ ఎక్కువ. కాలువగట్టు ఇళ్ళలో వానాకాలం వచ్చేసరికి కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. అమ్మిన బొమ్మ ఏడాదికే బూజు పడితే మళ్ళీ ఆర్డరు రాదు. యాసిడ్-ఫ్రీ అని రాసి ఉన్న కాగితం కొనండి, వాటర్ కలర్‌కైతే 300 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) ఉన్నది. ఫ్రేములో అద్దం కాగితానికి ఆనకుండా చుట్టూ మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు) పెట్టమని షాపులో గట్టిగా చెప్పండి. చవక రంగుల్లో కొన్ని, ముఖ్యంగా గులాబీలు, ఎండ తగిలే గోడ మీద వెలిసిపోతాయి. మంచి కంపెనీల ట్యూబు మీద రంగు ఎంత నిలుస్తుందో గుర్తులు ఉంటాయి, అవి చూసి కొనాలి. కొరియర్లో పంపే పెద్ద బొమ్మని బటర్ పేపర్ చుట్టి పీవీసీ పైపు ముక్కలో పెట్టండి. చిన్నదైతే పాలిథిన్ కవర్లో వేసి రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా పంపితే మడత పడదు.

ఆన్‌లైన్ సంగతి అడిగారు. ఇన్‌స్టాగ్రామ్ చూపించుకోవడానికి బాగుంటుంది, ఆర్డర్లు కూడా రావొచ్చు. రెడ్‌బబుల్ లాంటి సైట్లలో బొమ్మ ఎక్కిస్తే వాళ్ళే టీషర్టుల మీదా పోస్టర్ల మీదా వేసి అమ్మి మనకి కొంత ఇస్తారు. పెట్టుబడి ఉండదు గాని అక్కడ లక్షల బొమ్మల మధ్య మనది కనబడటమే కష్టం. చేతిపనులు అమ్ముకునే ఎట్సీ సైట్లో బొమ్మ పెట్టడానికి 20 అమెరికా సెంట్లు, అమ్ముడైతే 6.5 శాతం తీసుకుంటారు, డబ్బు చేతులు మారే ఖర్చులు అదనం. బొమ్మని ప్రింటు వేయించి అమ్మాలంటే ఫోన్‌తో తీసిన ఫొటో చాలదు, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) స్కాన్ చేయించాలి. ఆ స్కాన్లు ఒకసారి చేయించి పెట్టుకుంటే కాలువ బొమ్మల్ని పోస్టుకార్డు సైజు ప్రింట్లుగా వేయించుకోవచ్చు. దిండి రిసార్టుల్లో, ఆత్రేయపురం పూతరేకుల కొట్లలో అడిగి చూడండి. అమ్ముడైతేనే కమిషన్ అని, ఎన్ని ఇచ్చారో కాగితం మీద రాయించుకుని మరీ పెట్టండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి, రేవుల బొమ్మలు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బొమ్మ కొంటామని మెసేజ్ పెట్టి, "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి వెయ్యండి" అనేవాడు దొంగే. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టమన్నా, ఎగ్జిబిషన్లో పెడతాం ముందు ఫీజు కట్టండన్నా అదే రకం.

చదువు మాన్పించే అవసరం ఏమీ లేదు. వారానికి రెండు ఆర్డర్లు మించకుండా తీసుకుంటే బీకాం ఆగదు, పరీక్షల నెలలో స్టేటస్‌లో సెలవని పెడితే సరిపోతుంది. డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం వైపు ఆసక్తి ఉంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయించండి. వీలు చూసుకుని ఒక ఆదివారం రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళండి. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన ఆయన ఈ నీళ్ళనీ ఈ మనుషుల్నీ ఎలా వేశారో ప్రింటులో కాక అసలు బొమ్మలోనే చూడాలి.

చివరిగా హక్కుల మాట. మన నరసాపురం బాపు గారి బొమ్మలు చూసి గీత నేర్చుకోవచ్చు గాని, వాటిని దించి అమ్మకూడదు. చిత్రకారుడు పోయాక మరో 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, ఆయన పోయింది 2014లో. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పోర్ట్రెయిట్ మీద వేరే ఒప్పందం లేకపోతే హక్కు వేయించుకున్నవాళ్ళదే. ఇళ్ళ బొమ్మలకీ ఇదే గొడవ రావొచ్చు. అందుకని అడ్వాన్సు తీసుకునేటప్పుడే "బొమ్మ మీది, కాపీరైట్ నాది, నా పేజీలో చూపించుకుంటాను" అని వాట్సాప్‌లో రాసి, వాళ్ళ నుంచి సరేనని జవాబు తెప్పించుకోమనండి.