తెలుగు మీడియమా, ఒడియా మీడియమా? పర్లాకిమిడి నుంచి మా అనుభవం

ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాం, ఇంట్లో తెలుగే, పాపకి ఐదేళ్లు, తెలుగు మీడియంలో వేస్తే ఒడియా రాక వెనకబడిపోతుందా అని అడిగారు కదండీ. మాదీ ఒడిశాయే, పర్లాకిమిడి. నేను ఐదు దాకా తెలుగులోనే చదివి ఆరులో ఒడియాకి మారాను. మొదటి మూణ్ణెల్లు ఏడుపొక్కటే తక్కువ. లెక్కల్లో మాత్రం ఇబ్బంది పడలేదు, భాగహారం అప్పటికే బుర్రకెక్కిపోయింది కాబట్టి పేర్లు మార్చుకుంటే సరిపోయింది.

ఇంత తెలిసి కూడా మా వాడి దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పడి నేరుగా ఒడియా మీడియంలో వేసేశాను. రెండో తరగతిలో తెలుగు వాచకం చేతికిస్తే 'పలక'ని 'పొలొకొ' అని చదివాడు. 'పండు' దగ్గర ఆగిపోయి "మధ్యలో ఈ ఠ ఎందుకు నాన్నా?" అన్నాడు. ఒడియాలో ఠ అచ్చం మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది మరి. అందరం నవ్వాం, మా అమ్మ తప్ప.

సరే, తెలుగు బడికి మారుద్దామని వెళితే అక్కడ బోర్డే మిగిలింది. తెలుగు మాష్టారు రిటైరయ్యాక ఆ పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ, తెలుగు రాని టీచరే ఆ క్లాసూ చూస్తున్నారు, పాపం ఆయన్నని ఏం లాభం. అందుకే చెప్తున్నా, మీరు ముందు బడికి వెళ్లి తెలుగులో చెప్పేవాళ్లు ఎంతమంది, పోయినేడు పుస్తకాలు ఏ నెలలో వచ్చాయి అని అడగండి.

మాతృభాషలో ప్రాథమిక విద్యకి ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉంది, 1956లో చేర్చారు. అంతకుముందే, 1949లో విద్యామంత్రుల సమావేశంలో, బడి మొత్తమ్మీద 40 మంది గానీ ఒక క్లాసులో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే టీచర్‌ని ఇవ్వాలని ఒప్పుకున్నారు. మేం పన్నెండు మంది తల్లిదండ్రులం ఇదే రాసి అర్జీ పెట్టాం. ఏడాదిన్నర తిరిగితే వారానికి మూడు రోజులొచ్చే టీచర్ దొరికారు.

గిడుగు రామమూర్తి గారు మాష్టారుగా పనిచేసింది మా ఊళ్లోనే. సవర గిరిజనుల పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారాయన. అదే ఊళ్లో మేం తెలుగు మాష్టారు కోసం తిరిగాం! మా వాడి క్లాసులో ఓ సవర కుర్రాడున్నాడు, ఇంట్లో సవర, బజార్లో తెలుగు, బడిలో ఒడియా. వాడి ముందు మనది ఓ కష్టమా?

టీచర్ ఉంటే ధైర్యంగా తెలుగులో వెయ్యండి, ఒడియా వీధిలో ఆడుకుంటూనే పట్టేస్తుంది. లేకపోతే ఒడియాలో వేసి, ఇంట్లో రోజూ పావుగంట తెలుగు చదివించండి. వాచకాలకి మేం సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తాం, మీకు పార్వతీపురం దగ్గర. మా వాడిప్పుడు ఐదో తరగతి. 'పండు' బాగానే చదువుతున్నాడు, 'కమల'ని మాత్రం ఇంకా 'కొమొలా' అనే అంటాడు.